పీజెడ్ కలిపాక కూడా 75 మీటర్ల నీరు మోగుతూనే ఉంది

గోదారిగట్టు
మూడు వారాలుగా ఒకే సీస్మిక్ స్టాక్ (సముద్రం కింది పొరల నుంచి తిరిగొచ్చిన ధ్వని అలలను కలిపి తీసిన చిత్రం) ముందు కూర్చున్నాను. నీటి లోతు 75 మీటర్లు, సముద్రపు అడుగు దాదాపు చదును. వరుసలో 50 మీటర్లకో నోడ్ (అడుగున పడుకోబెట్టే రికార్డు పెట్టె), వరుసల మధ్య దూరం 300 మీటర్లు. నీటి ఉపరితలాన్ని తాకి తిరిగి కిందికి దిగే అలను వదిలించుకోవడానికి హైడ్రోఫోన్ రికార్డునూ నిలువు జియోఫోన్ రికార్డునూ కలిపాను, దీన్నే పీజెడ్ కూడిక అంటాం. ఇక పైకి వచ్చే అలలే మిగలాలి కదా! కానీ ప్రతి బలమైన పొర కింద సరిగ్గా 100 మిల్లీసెకన్లకు దాని నీడ, మరో 100కు ఆ నీడకు నీడ. ఒక్క పొర మూడై కూర్చుంది.

అల దిగి తిరిగొచ్చే కాలంలో చూస్తే 1.0 సెకను దగ్గర గట్టి పొర ఒకటుంది. 1.1 దగ్గర ఇంకో పొర నిజంగా ఉందా లేదా అని పైవాళ్లు అడుగుతున్నారు. ఉందని చెప్పలేను, లేదని చెప్పలేను. అడుగు పరావర్తన గుణకం (తాకిన అలలో ఎంత వంతును అడుగు తిప్పి పంపుతుందో చెప్పే అంకె) 0.2 అనుకుని జియోఫోన్‌ను 1.5తో గుణించి కలిపాను, అన్ని నోడ్లకూ అదే. తప్పు ఎక్కడ జరిగింది?

విశాఖ_ఎమ్మెస్సీ
నేను ఇంకా చదువుకుంటున్నాను. ఆ 100 మిల్లీసెకన్ల లెక్క ఎవరైనా చెబుతారా? రెండు రికార్డులు కలిపితే కిందికి వచ్చే అల ఎందుకు పోతుందో కూడా.

అలలలెక్క
నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. అడుగు నుంచి ఉపరితలానికి 75, మళ్లీ కిందికి 75, మొత్తం 150 మీటర్లు. అంటే 0.1 సెకను.

రెండో ప్రశ్నకు జవాబు. హైడ్రోఫోన్ ఒత్తిడిని కొలుస్తుంది. దానికి దిక్కు తెలియదు. జియోఫోన్ నేల కదలికను కొలుస్తుంది, దానికి దిక్కు తెలుసు. పైకి వెళ్లే అలకు రెండూ ఒకే గుర్తు చూపిస్తాయి, కిందికి వచ్చే అలకు ఎదురు గుర్తులు చూపిస్తాయి. సరైన పాళ్లలో కూడితే పైకి వెళ్లేది మిగులుతుంది, తీసేస్తే కిందికి వచ్చేది.

స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత బలం ఉందో చూపే గీత) గీసి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. నీటికీ గాలికీ మధ్య హద్దు అలను దాదాపు పూర్తిగా వెనక్కి పంపుతుంది, కానీ ఒత్తిడిని తలకిందులు చేసి. అందుకని 75 మీటర్ల లోతులో హైడ్రోఫోన్‌కు 10, 20, 30 హెర్ట్జ్ దగ్గర గుంటలు పడతాయి. జియోఫోన్‌కు 5, 15, 25 దగ్గర పడతాయి. ఒకదాని గుంట రెండోదానికి శిఖరం. గోదారిగట్టు గారూ, మీ రెండు రికార్డుల స్పెక్ట్రమ్‌లు ఒకదాని మీద ఒకటి పెట్టి చూశారా? గుంటలు ఈ వరసలో లేకపోతే కూడడానికి ముందే ఎక్కడో తేడా ఉన్నట్టు.

గోదారిగట్టు
ఇప్పుడే చూశాను. హైడ్రోఫోన్ గుంటలు సరిగ్గా 10, 20, 30 దగ్గర ఉన్నాయి. జియోఫోన్‌లో 15, 25 దగ్గర కనిపిస్తున్నాయి, 5 దగ్గర మాత్రం గుంట లేదు, అక్కడ ఏదో నిండిపోయి ఉంది.

పాతరికార్డు
ఈ మోత పేరు వినగానే ప్రాణం లేచివచ్చింది. కాగితం చుట్టల మీద రికార్డులు చూసిన తరం మాది. లోతు తక్కువ నీళ్లలో ఒక్కోసారి రికార్డు మొదటి నుంచి చివరి దాకా ఒకే ఊపుతో ఊగేది. ఇంగ్లీషులో వాటిని పాడే రికార్డులనేవారు. పాటే మరి, ఒకటే స్వరం! దాని కింద భూమి ఏం చెబుతోందో ఒక్క ముక్క వినపడదు.

1959లో బ్యాకస్ అనే భూభౌతిక శాస్త్రవేత్త దీనికి లెక్క కట్టాడు. నీటి పొర ఒక వడపోతలా పనిచేస్తోంది, అల మూలం దగ్గర ఒకసారి, రికార్డయ్యే చోట ఒకసారి, మొత్తం రెండుసార్లు ఆ వడపోతలోంచి వెళుతోంది, దాన్ని తిప్పి రాస్తే మోత పోతుందని చూపించాడు. మూడే మూడు బిందువుల ఫిల్టర్. నీటి లోతు, అడుగు గుణకం తెలిస్తే చాలు. మొదటిసారి మా యంత్రంలో అది వేసి చూసినప్పుడు కంటికి కట్టిన గంత విప్పినట్టయింది.

బాబూ గోదారిగట్టూ, ఆ "రెండుసార్లు" అన్న మాట దగ్గర కాస్త ఆగు. నువ్వు చేసిన కూడిక ఒక్క వైపు మోతనే ముట్టుకుంటుంది.

చలిదేశపు_తెలుగు
పాతరికార్డు గారు అసలు ముడి పట్టుకున్నారు. నేను నార్వేలోని స్టావాంజర్‌లో ఉంటాను, పదేళ్లుగా 70 మీటర్ల నీళ్లతోనే కాపురం. వివరంగా రాస్తాను.

నీటి పొరలో అల రెండు చోట్ల ఎగరగలదు. ఒకటి, భూమిలోకి దిగకముందే ఉపరితలానికీ అడుగుకూ మధ్య ఓ గంతు వేసి ఆ తర్వాత కిందికి దిగడం. ఇది మూలం వైపు మల్టిపుల్. రెండు, భూమిలోంచి పైకి వచ్చాక నీటిలో గంతు వేసి నోడ్ దగ్గరకు రావడం. ఇది నోడ్ వైపు మల్టిపుల్. రెండోరకం అల నోడ్‌ను చేరేటప్పుడు కిందికి దిగుతూ ఉంటుంది కాబట్టి పీజెడ్ కూడికకు దొరుకుతుంది. మొదటిరకం తన గంతు ముందే వేసేసింది. నోడ్ దగ్గరకు వచ్చేటప్పటికి అసలు పొర నుంచి వచ్చిన అల లాగే కింది నుంచి పైకి వస్తుంది. దిక్కు చూసి విడదీసే ఏ పద్ధతికీ అది పట్టుబడదు. మీ మోతలో కనీసం సగం అదే అయి ఉండాలి.

ఇంకో సంగతి. మీరు 1.5 ఎక్కడి నుంచి తెచ్చారో అర్థమైంది. ఒకటికి గుణకం కలిపి, ఒకటిలోంచి గుణకం తీసేసిన దానితో భాగించడం, 1989లో బార్, శాండర్స్ అనే పరిశోధకులు చూపించిన పాళ్లు. 1.2ని 0.8తో భాగిస్తే 1.5. ఆ పాళ్లతో కూడితే వచ్చేది అడుగుకు కాస్త కింద ఉన్న, పైకి వెళ్లే అల. అలా గుణించకుండా, రెండు పరికరాల స్పందన మాత్రం సరిచేసి కూడితే వచ్చేది అడుగుకు కాస్త పైన ఉన్న అల. అందులో కిందికి దిగిన అల అడుగును తాకి తిరిగి లేచిన భాగం కూడా ఉంటుంది. రెండూ వేర్వేరు వస్తువులు. మీకు ఏది కావాలో తేల్చుకున్నారా?

గోదారిగట్టు
నిజం చెప్పాలంటే రెండింటికీ తేడా ఉందని ఇప్పుడే తెలిసింది. మాకిచ్చిన పాత నివేదికలో 1.5 అని ఉంది, వేసేశాను.

ఉప్పుగాలి
పాత నివేదికలోని అంకెను కొత్త సముద్రానికి తగిలించడం చాలా చోట్ల చూశాను. గుణకం 0.1 అయితే ఆ పాలు 1.22. 0.4 అయితే 2.33. బంకమన్నుకూ గట్టి సున్నపురాయికీ ఇంత తేడా ఉంటే అన్నిటికీ 1.5 ఎలా సరిపోతుంది?

డెక్కు_మీద
ప్రాసెసింగ్ నాకు తెలియదు, నేను నోడ్లు వేసి తీసే పనివాణ్ని. కానీ ఉప్పుగాలి గారి మాటకు ఒకటి జోడిస్తాను. నోడ్ డెక్కు మీదకు వచ్చినప్పుడు దాని అడుగు చూస్తే చాలు, అది ఎక్కడ పడుకుందో తెలిసిపోతుంది. పోయినసారి మా సర్వేలో తూర్పు వరుసల నోడ్లు కుమ్మరి చేతిలోంచి వచ్చినట్టు వచ్చాయి. కింది అంచు నిండా బూడిదరంగు బంకమన్ను, నీళ్ల గొట్టం పెట్టి కొట్టినా వదలదు, చేత్తో గీకాలి. పడమటి వరుసలవి శుభ్రంగా వచ్చాయి. పెయింటు మీద గీతలు, బోల్టుల సందుల్లో గవ్వముక్కలు. మేం ప్రతి నోడ్‌కూ ఆ మాట లాగ్‌లో రాస్తాం. మీ సర్వేవాళ్లు కూడా రాసే ఉంటారు. ఆ లాగ్ తెరిచి చూడండి.

హ్యూస్టన్‌లో_శ్రీకాకుళం
ఇంత కష్టం ఎందుకు? కిందికి వచ్చే అలను పారేయకుండా దానితోనే చిత్రం తీయండి. ఉపరితలాన్ని ఒక అద్దం అనుకుంటే, మీ నోడ్ అడుగున 75 మీటర్ల లోతులో లేదు, ఉపరితలానికి 75 మీటర్ల పైన గాలిలో ఉంది. ఆ ఊహా స్థానం నుంచి ఇమేజింగ్ చేస్తే చాలు. దీన్నే మిర్రర్ ఇమేజింగ్ అంటారు, 2007 నాటికే దీని గురించి వ్యాసాలున్నాయి. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో అట్లాంటిస్ క్షేత్రంలో 2005-06లో పెద్ద ఎత్తున నోడ్ల సర్వే జరిగినప్పటి నుంచి లోతు నీళ్లలో మాకు కిందికి వచ్చే అలే కన్నతల్లి. మీరందరూ వద్దంటున్న ఆ పరావర్తనంలోనే సరుకు ఉంది.

చలిదేశపు_తెలుగు
లోతు నీళ్లలో ఒప్పుకుంటాను. అక్కడ 1500 మీటర్ల నీరుంటే గంతుకూ గంతుకూ మధ్య 2 సెకన్లు. కిందికి వచ్చే అల తీరుబడిగా విడిగా నిలుస్తుంది. 75 మీటర్లలో 100 మిల్లీసెకన్లే. కిందికి వచ్చే అల అంటే ఒకటి కాదు, గంతు మీద గంతు వేసిన పది అలల గుంపు. మొదటి గంతునే ఏరి చిత్రం తీస్తారా? పీజెడ్‌కు లొంగని మూలం వైపు మోత దాంట్లోనూ ఉంటుంది. మిర్రర్ అన్నది మల్టిపుల్స్‌కు మందు కాదు, వెలుగు పడే మేర పెంచే ఉపాయం.

హ్యూస్టన్‌లో_శ్రీకాకుళం
మందు అని నేను అనలేదు. కానీ మీరు తక్కువ అంచనా వేస్తున్నారు. నోడ్ సముద్రపు అడుగు మీదే కూర్చుంటుంది. పైకి వచ్చే అలతో సముద్రపు అడుగు చిత్రం తీయగలరా? తీయలేరు, నోడ్ ఉన్న చుక్క తప్ప ఏమీ దొరకదు. అదే మిర్రర్‌లో అయితే పరావర్తన బిందువు షాట్ (ఓడ శబ్దం పేల్చిన చోటు) వైపు నుంచి మూడో వంతు దూరంలో పడుతుంది. వరుసల మధ్య ఉన్న 300 మీటర్ల ఖాళీలో అడుగు, దాని కింది పలుచని పొరలు, పాత కాలవల మచ్చలు కనబడేది ఆ దారిలోనే. ఆ పై పొరల వేగం తెలియకుండా 1.1 సెకన్ల మీద తీర్పు చెప్పడానికి నేనైతే సాహసించను.

చలిదేశపు_తెలుగు
పై పొరల విషయంలో మీ మాట సరే. అయితే ముందు మోత తీసి ఆ తర్వాత మిర్రర్. వరస మారకూడదు.

విశాఖ_ఎమ్మెస్సీ
చిన్న పక్క ప్రశ్న. మా సారు కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల (మంచులాంటి పదార్థంలో చిక్కుకున్న గ్యాస్) గురించి చెబుతూ సముద్రపు అడుగుకు సమాంతరంగా, గుర్తు తలకిందులై ఒక పరావర్తనం వస్తుందన్నారు. అది మల్టిపుల్ కాదని ఎలా తెలుస్తుంది? మల్టిపుల్ కూడా అడుగు ఆకారంలోనే ఉంటుంది కదా.

అలలలెక్క
మంచి అనుమానం. గుర్తు ఒక్కటే చూస్తే నిజంగానే మోసపోతాం. అడుగు తాలూకు మొదటి మల్టిపుల్ ఉపరితలం దగ్గర ఓసారి తలకిందులవుతుంది కాబట్టి దాని గుర్తు కూడా ఎదురే. తేడా కాలంలో ఉంది. ఓడ వెనుక లాగే తీగతో తీసిన రికార్డు అనుకోండి, 1000 మీటర్ల నీటిలో అడుగు 1.33 సెకన్ల దగ్గర కనిపిస్తే దాని మల్టిపుల్ 2.67 దగ్గర పడుతుంది. హైడ్రేట్ల అడుగు హద్దు సముద్రపు అడుగుకు కొద్ది వందల మిల్లీసెకన్ల కిందే ఉంటుంది. 2006లో జాయిడిస్ రిజల్యూషన్ ఓడ మన తీరం ఎదుట తవ్వి 128 మీటర్ల మందం హైడ్రేట్ పొరను చూపించింది కాబట్టి అక్కడ ఊహతో పనిలేదు. హైదరాబాదులో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు దీని మీద చాలా పని చేశారు, చదవండి.

గోదారిగట్టు
డెక్కు_మీద గారూ, మీకు చేతులెత్తి దండం. లాగ్ తెరిచాను. నా పరీక్ష భాగంలో 212 నోడ్లు. లాగ్‌లో 90కి పైగా నోడ్ల ఎదురుగా "మెత్తటి బంకమన్ను" అని ఉంది. మిగతావాటిలో ఎక్కువ భాగం "గట్టి నేల, గవ్వలు". అచ్చం మీరు చెప్పినట్టే. రెండు చోట్లా 1.5 వేసి కూర్చున్నాను.

పాతరికార్డు
చూశావా! భూమి రెండు రకాలుగా ఉంటే ఒకే కొలత చొక్కా ఎలా పడుతుంది నాయనా. నోడ్‌కు నోడ్ లెక్క కట్టు.

గోదారిగట్టు
అదే ఎలా అన్నది నా బాధ. లోతు నీళ్లయితే మొదటి మల్టిపుల్ రాకముందు చాలా సమయం ఉంటుంది, అక్కడ పైకి వచ్చే అలలు మాత్రమే ఉంటాయి కాబట్టి రెండు రికార్డులూ సరిపోలేలా సరిచేయవచ్చు. నాకు దొరికేది 100 మిల్లీసెకన్లు. అందులో ఏం సరిపోలుస్తాను?

చలిదేశపు_తెలుగు
లోతు తక్కువ నీటిలో మేం చేసేది ఇది. ఉపరితలం తిప్పి పంపిన అల రికార్డులో వేసే ముద్రను ఘోస్ట్ అంటాం. హైడ్రోఫోన్ రికార్డుకు జియోఫోన్ తాలూకు ఘోస్ట్ తగిలించండి, జియోఫోన్ రికార్డుకు హైడ్రోఫోన్ తాలూకు ఘోస్ట్ తగిలించండి. లోతు తెలుసు కాబట్టి రెండు ఘోస్ట్‌లూ మీకు తెలుసు. అలా చేశాక రెండు రికార్డులూ ఒకే వస్తువు కావాలి. కాకపోతే ఆ మిగిలిన తేడాయే మీ క్యాలిబ్రేషన్ లోపం. రికార్డులో పొడవైన కాలపు ముక్క మీద చేయవచ్చు, 100 మిల్లీసెకన్లకు కట్టుబడక్కర్లేదు. దీనివల్ల పరికరాల మధ్య తేడా, నేలతో నోడ్ పట్టు, ఇవి సరవుతాయి. అడుగు గుణకం ఆ తర్వాతి సంగతి, దాన్ని విడిగా వెతకండి.

అంతకన్నా ముందు మీ జియోఫోన్‌లో 5 హెర్ట్జ్ దగ్గర గుంట నిండిపోయిందన్నారు చూడండి, అది వదిలేయకండి. హైడ్రోఫోన్‌లో లేని, నిలువు జియోఫోన్‌లో మాత్రమే ఉన్న నెమ్మది అలలు అవి. అడుగు వెంట పాకే అలలు, మెత్తటి మన్నులో చెదిరిన ఎస్ తరంగాలు (నేలను అడ్డంగా ఊపేవి). అది అలాగే ఉంచి కూడితే సగం పైకి వెళ్లే అలలోకి, సగం గుర్తు మారి కిందికి వచ్చే అలలోకి పోయి రెంటినీ పాడుచేస్తుంది. ముందు దాన్ని తుడవండి. హైడ్రోఫోన్‌ను నమూనాగా పెట్టుకుని, జియోఫోన్‌లో దానికి జత లేనిదాన్ని తగ్గించడం ఒక దారి.

ఉప్పుగాలి
తుడిచేటప్పుడు చెయ్యి తేలిగ్గా ఉండాలి. హైడ్రోఫోన్‌కు 10 దగ్గర సహజంగానే గుంట ఉంది. అక్కడ జియోఫోన్‌లో ఉన్నదంతా చెత్త అనుకుంటే అసలు సమాచారమే పోతుంది.

అలలలెక్క
ఉప్పుగాలి గారి హెచ్చరికను నేనైతే పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించుకుంటాను. ఒకసారి నేను సరిగ్గా ఆ తప్పే చేసి ఆరు రోజుల పని మళ్లీ చేశాను.

ఇప్పుడు మూలం వైపు మోత. పైకి వెళ్లే అలను కిందికి వచ్చే అలతో భాగించండి. అంటే డీకన్వల్యూషన్. నార్వే శాస్త్రవేత్త అముండ్‌సెన్ 2001లో దీన్ని వివరించాడు. కిందికి వచ్చే అలలో ఏముంది? షాట్ నుంచి నేరుగా దిగిన అల, ఉపరితలం తిప్పి పంపిన ప్రతి గంతూ. అవన్నీ కలిసి భూమిని తట్టిన దెబ్బలు. పైకి వెళ్లే అల ఆ దెబ్బలన్నిటికీ భూమి ఇచ్చిన జవాబు. జవాబును దెబ్బతో భాగిస్తే ఒక్క దెబ్బకు భూమి ఏమంటుందో వస్తుంది. రెండు వైపుల ఉపరితల మల్టిపుల్సూ ఒకే వేటుకు పోతాయి. గన్ తాలూకు పల్స్ ఆకారం తెలియక్కర్లేదు. ఆటుపోట్ల వల్ల నీటి లోతు రెండు మీటర్లు మారితే గంతు కాలం దాదాపు 2.7 మిల్లీసెకన్లు మారుతుంది, ఆ మార్పు కూడా కొలిచిన అలలోనే ఉంది కాబట్టి విడిగా దిద్దనక్కర్లేదు. పొరలు చదునుగా ఉన్నచోట ఇది అద్భుతంగా పనిచేస్తుంది. పొరలు బాగా వంగినచోట మాత్రం ఈ సాదా భాగహారం చాలదు, అన్ని దిక్కుల సమాచారంతో పెద్ద లెక్క చేయాలి. పొరల మధ్యలోనే ఎగిరే మల్టిపుల్స్ దీనికి పోవు.

గోదారిగట్టు
నిన్న రాత్రి భాగించి చూశాను. ముందుకన్నా ఘోరంగా వచ్చింది! 100 దగ్గర నీడ గుర్తు మారి తెల్లగా వచ్చింది.

చలిదేశపు_తెలుగు
1.5తో గుణించిన పైకి వెళ్లే అలనే భాగించారా?

గోదారిగట్టు
అవును.

చలిదేశపు_తెలుగు
అదే తప్పు. అది అడుగు కింద ఉన్న అల అని పైన రాశాను. భాగించడానికి రెండూ అడుగుకు పైన ఉన్నవే కావాలి. అడుగును తాకి లేచిన భాగం కూడా జవాబులో ఉండాలి, లేకపోతే లెక్క కుదరదు. ఆ గుణింపు తీసేసి, నోడ్‌కు నోడ్ క్యాలిబ్రేషన్‌తో మళ్లీ విడదీయండి.

డెక్కు_మీద
ఇంకొక మాట. ఓడ సరిగ్గా నోడ్ మీదుగా వెళ్లేటప్పుడు నేరు అల చాలా గట్టిగా ఉంటుంది. లోతు తక్కువ నీళ్లలో హైడ్రోఫోన్ రికార్డు తల తెగినట్టు చదునుగా వస్తుంటుందని మా నాణ్యత పరిశీలకురాలు చెప్పేవారు. అవి మీ భాగహారంలో పడితే ఏమవుతుందో మీరే చూసుకోండి.

గోదారిగట్టు
చూశాను. 40 మీటర్లలోపు ఉన్న షాట్లలో చాలావాటికి తల తెగింది. వాటిని పక్కన పెట్టి, పక్క షాట్ల నుంచి పూరించాలి.

విశాఖ_ఎమ్మెస్సీ
రేడాన్ పద్ధతితో (అలలను వాటి వంపును బట్టి విడదీసేది) తీయలేమా? 1986లో హాంప్సన్ రాసిన వ్యాసం ఈ సెమిస్టర్ చదివాం.

పాతరికార్డు
అది మల్టిపుల్‌కూ అసలు అలకూ వంపులో తేడా ఉంటేనే పనిచేస్తుందమ్మా. ఇక్కడ నీటిలో ఒక్క గంతు అదనం, 100 మిల్లీసెకన్లు. వేగంలో తేడా ఎంత వస్తుంది? రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. లోతు నీళ్లలో వాడుకో.

గోదారిగట్టు
తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నాను, మన్నించండి. వరసగా చేసినవి: జియోఫోన్ చెత్త తుడిచాను, 10 హెర్ట్జ్ చుట్టుపక్కల చెయ్యి పెట్టలేదు. 212 నోడ్లకూ విడివిడిగా క్యాలిబ్రేషన్ చేశాను. బంకమన్ను నోడ్లూ గట్టి నేల నోడ్లూ మ్యాప్ మీద రెండు రంగులుగా విడిపోయాయి, హద్దు లాగ్‌లోని మాటలకు వేలెడు దూరంలో పడింది. తల తెగిన షాట్లు పూరించి, అడుగు పైన విడదీసి భాగించాను.

1.0 సెకను పొర ఒక్కటిగా నిలిచింది. దాని కింద 1.1 దగ్గర ఇన్నాళ్లూ సమాంతరంగా కనిపించిన గీత పోయింది. అదే చోట చాలా నీరసమైన మరో గీత మిగిలింది. అది సమాంతరంగా లేదు. తూర్పుకు వాలుతోంది, పడమట 1.06 దగ్గర మొదలై తూర్పు చివర 1.15కు దిగుతోంది. పై పొర నీడ అయితే ఇలా అడ్డంగా కోసుకుంటూ పోదు కదా? ఉందని రాయాలనుకుంటున్నాను.

అలలలెక్క
సమాంతరంగా లేకపోవడం చాలా బలమైన సాక్ష్యం. అయినా పొరల మధ్య ఎగిరే మల్టిపుల్ ఇలా వాలే వీలు ఉందో లేదో పై పొరల వాలులతో లెక్క కట్టి ఒకసారి చూడండి. వాలు సరిపోకపోతే నిశ్చింతగా రాయండి.

హ్యూస్టన్‌లో_శ్రీకాకుళం
ఇప్పుడైనా కిందికి వచ్చే అలను మిర్రర్‌లో పెట్టి చూడండి తమ్ముడూ. క్యాలిబ్రేషన్ ఎలాగూ అయింది.

గోదారిగట్టు
పెట్టాను అన్నయ్యా. వరుసల మధ్య పాత నది కాలవ మలుపు ఒకటి బయటపడింది, సముద్రపు అడుగుకు 60 మిల్లీసెకన్ల దిగువనే. బంకమన్ను నోడ్లు సరిగ్గా దాని మీదే ఉన్నాయి. అలలలెక్క గారు చెప్పిన వాలు లెక్క కూడా చేశాను, సరిపోలేదు. నివేదికలో "ఉంది" అని రాసి పంపాను.

చలిదేశపు_తెలుగు
ఆ కాలవ సంగతిలో శ్రీకాకుళం గారిదే పైచేయి, ఒప్పుకుంటున్నాను.

డెక్కు_మీద
వచ్చే వారం మళ్లీ ఓడ ఎక్కుతున్నాను. తెల్లవారుజామున మూడింటికి, చేతులు కొంకర్లు పోతుండగా, "బూడిదరంగు బంకమన్ను" అని రెండు వందల సార్లు రాసేటప్పుడు దీన్ని ఎవరు చదువుతారని మా కుర్రాళ్లు అడుగుతుంటారు. ఈ చర్చ ఫోనులో దాచుకున్నాను, వాళ్లకు చదివి వినిపిస్తాను.